స్వత్వమును నిలుపుట యెట్లు?

పూర్వులు గీసినట్లే గీసినఁగాని జాతి స్వత్వము నిలువదని కొందఱందురు. ఇది సత్యమా? కెనడా యుత్తరభాగమునందలి కింగైట్ గ్రామమున 1961లో జన్మించిన ఇనుయిట్ చిత్రకారిణి షువినాయి అషూనా చిత్రములఁ జూడుఁడు. ఆమె పితామహి పిట్సియోలాక్ పూర్వపు సంచారజీవనమును చిత్రించెను. మనుమరాలు ఆ రాళ్లను, గుడారములను విడువలేదు. కాని వాని నడుమ వింతజంతువులను, మనుష్యులతోఁ గలసి మెలఁగు భూగోళములను రంగు పెన్సిళ్లతో గీసినది. 2022లో వెనిస్ ప్రదర్శనమున నామెకు విశేష ప్రశంస లభించెను.

పరులు చూడఁగోరిన మంచును, సీలుమృగములను మాత్రమే గీయుట స్వత్వరక్షణము గాదు, పరేచ్ఛకు లోఁబడుట. అట్లని నూతనమైన దెల్ల మేలనియుఁ జెప్పరాదు. తన నేల నెఱుఁగని యూహ వేరులేని తీఁగ. గాదెలో దాఁచిన విత్తు మొలవదు. తన నేలఁ జల్లినఁగదా పంట!