మధ్యవర్తి రుసుము

అద్దెకున్నవానికే యిల్లు విక్రయింపదలచిన యజమాని మధ్యవర్తికి రుసుము చెల్లింపవలయునా యని కొందఱు ప్రశ్నించుచున్నారు. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము 219వ సెక్షను ప్రకారము, వేఱు ఒప్పందము లేనియెడల, అప్పగించిన పని ముగియువఱకు ఏజెంటునకు ప్రతిఫలము ఈయ నక్కఱలేదు. కావున రుసుము శ్రమకు కూలియే కాని మిరాసి కాదు. ఇరువురును తామే బేరము కుదుర్చుకొన్నచో దాని నిచ్చుటకు కారణము లేదు. అయినను, మధ్యవర్తిచే వెల కట్టించుకొని, పత్రములు పరిశీలింపజేసికొని, తుదకు వానిని తప్పించి చాటున రిజిష్టరీ చేయించుట కూలి యెగవేయుటయే యగును. అట్లే, మిగిలిన రుసుమును యజమాని యొక్కడే మ్రింగుటయు న్యాయము కాదు. ఏండ్ల తరబడి అద్దె తప్పక చెల్లించి, ఇంటిని కాపాడినవాడు దానికి పాలివాడు కాడా? ఆ మిగులులో సగమైనను ధరలో తగ్గించుట ధర్మమని మా యభిప్రాయము.