కుమ్మరి లేని కుండ

ముదగల్ బజారులో మాది మందుల కొట్టు. ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర కన్నడం, ఉర్దూ. సాయంత్రం బేరం పల్చబడ్డాక మా మేనమామ వచ్చి స్టూలు మీద కూర్చుంటే తర్కం మొదలైనట్టే. ఆయనకు ఉదయనాచార్యుడంటే ప్రాణం. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టు, జగత్తు ఉందంటే ఈశ్వరుడు ఉన్నట్టు అన్నది ఆ నైయాయికుడి వాదం.

మొన్న ఫ్రిజ్‌లోంచి హెపటైటిస్ బి టీకా సీసా తీసి చూపించాను. కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి మడ్డి, పైన తేట. ఊపితే అంతా తెల్లబడుతుంది. ఆ తెలుపు అల్యూమినియం లవణానిది. దాన్ని అంటిపెట్టుకుని కంటికందని ప్రోటీను ఉండలుంటాయి, ఒక్కోటి దాదాపు 22 నానోమీటర్లు. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి అనే ఈ రకం టీకాను తెచ్చిందీ ఈ దారిలోనే. వైరస్ జన్యువు ముక్కను ఈస్ట్‌లో పెడితే అది ఆ ప్రోటీనును చేసిపెడుతుంది. ఆ ప్రోటీను తునకలు వంద దాకా, కాస్త కొవ్వును కలుపుకుని, తమంతట తామే ఉండ కడతాయి. ఎవరూ పేర్చరు.

"మరి కుమ్మరేడీ మామా?" అన్నాను.

"కూడే స్వభావం వాటికి ఇచ్చిందెవర్రా?" అన్నారు.

బలమైన మాటే. 2022లో దక్షిణ కొరియా అనుమతించిన స్కైకోవియోన్ కోవిడ్ టీకా ఆయన పక్షమే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్‌లో ముందే గీసుకున్న రెండు రకాల ప్రోటీన్లు, కలిపితే చాలు, బంతి కడతాయి. పేర్చిన చెయ్యి లేదు గానీ గీసిన బుర్ర ఉంది.

నా సీసాలోని ఉండను మాత్రం ఏ మనిషీ గీయలేదు. అది వైరస్ సొత్తు. రోగి రక్తంలో వైరస్ ఇలాంటి ఖాళీ ఉండల్నే కుప్పలుతెప్పలుగా వదులుతుంది. యాంటీబాడీలు వాటి వెంటపడి ఖర్చయిపోతుంటే అసలు వైరస్ కాలేయంలో కాపురం పెడుతుంది. స్వభావం ఈశ్వరుడిదైతే ఈ దొంగ ఎత్తూ ఆయనదే. మామ "లీల" అన్నారు. కాలేయం చెడినవాడి ఇంట్లో కూర్చుని ఆ మాట అనడానికి నాకైతే నోరు రాదు.

అలాగని అంతా స్వభావమే, కర్త అక్కర్లేదనే చార్వాకుడు గెలిచాడనీ అనను. స్వభావం అని పేరు పెట్టినంత మాత్రాన అది ఎందుకుందో తేలిపోదు. కానీ అదే ఉండ రక్తంలో వంచిస్తుంది, సీసాలో కాపాడుతుంది. కాబట్టి దైవకరుణకు దాన్ని సాక్ష్యానికి పిలవడం చెల్లదు. ఆ సీసా గడ్డకట్టినా పాడే, వేడెక్కినా పాడే. కరెంటు పోయిన రాత్రి దాని సంగతి చూసుకోవాల్సింది నేనే.

పుట్టిన బిడ్డకు 24 గంటల్లో ఈ హెపటైటిస్ బి టీకా మొదటి మోతాదు పడాలి. సర్కారు ఆసుపత్రిలో ఉచితం. అడిగి వేయించండి.