సహాయం ఏ భాషలో?

2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న టేకులపల్లి ప్రాంతంలో కోయ, లంబాడీ, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. అక్కడ చూపులేని ఒక కోయ బాలికకు స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్ అందిందనుకుంటే, సహాయం అందినట్లేనా? ఆస్ట్రేలియాలో 2006లో మైకేల్ కరన్ ప్రారంభించిన ఎన్‌వీడీఏ ఉచితం. దానిలోని ఈస్పీక్ స్వరం తెలుగు పలుకుతుంది. కోయకు అందులో చోటు లేదు. సహాయం పొందాలంటే ఆమె ముందుగా ఇంటి మాటను విడిచి రావాలి.

యంత్రాన్ని నిందించడం తేలిక, కాని సగమే సబబు. తెలుగు లిపిలో రాసిన కోయను అదే స్వరం, తెలుగు ఉచ్చారణతోనైనా, చదవగలదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కోయ వాచకాలను తెలుగు లిపిలోనే రూపొందించింది. అయితే అచ్చుపుట ఫొటోగా తెరకెక్కితే ఈ సాధనానికి అందదు. యూనికోడ్ అక్షరాలుగా ఎక్కాలి. ఆ పని ఇంజనీర్లదే కాదు, తెలుగు శాఖలది కూడా.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సహేతుకమైన సర్దుబాటును కోరుతూనే, అది మితిమీరిన భారం కారాదంటుంది. ఆ భారం ఇచ్చేవారిది. తెలుగులో విని, కోయలో తలచి, తిరిగి తెలుగులో బదులిచ్చే బాలిక మోసే బరువు ఆ తూకంలోకి రాదు. ఆమె తెలుగు నేర్వవద్దని కాదు; పై చదువుకు అది కావలసిందే. కాని నేర్చుకోవడం వేరు, నేర్చాకే సహాయానికి అర్హత కలగడం వేరు.

చూపున్న తోటి కోయ పిల్ల వాచకంలోని బొమ్మను చూసి తెలియని తెలుగు పదాన్ని పోల్చుకుంటుంది. వివరణ జతచేయని అదే బొమ్మ దగ్గర స్క్రీన్ రీడర్ ‘గ్రాఫిక్’ అని మాత్రం పలికి తరువాతి పంక్తికి సాగిపోతుంది.