పునీతుల బడిలో ఫస్ట్ ర్యాంకు

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రానికల్లా ఊళ్లోని స్కూళ్ల గోడల మీద ఫ్లెక్సీలు లేస్తాయి. ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్ మిషన్) స్కూలైనా, సిస్టర్లు నడిపే కాన్వెంటైనా అందుకు మినహాయింపు కాదు. పాస్‌పోర్టు ఫొటోల్లో బిగుసుకుపోయిన ముఖాలు, ఒక్కో ముఖం కింద 590 పైచిలుకు మార్కులు, అన్నిటికీ పైన ఎర్రక్షరాల్లో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. ఆ ఫ్లెక్సీకి వెనక, కాంపౌండు లోపల, సిలువనూ గులాబీలనూ గుండెకు హత్తుకుని నిలబడ్డ సన్యాసిని విగ్రహం చాలా బళ్లలో కనిపిస్తుంది. ఆమె పునీత చిన్న తెరేసమ్మ. హైదరాబాద్ అబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ లేన్‌లో గాబ్రియేల్ బ్రదర్లు నడిపే లిటిల్ ఫ్లవర్ హైస్కూల్‌ మొదలుకొని, చిన్న చిన్న పట్టణాల్లోని లిటిల్ ఫ్లవర్ బళ్ల దాకా ఆ పేరు ఆమెదే. క్రైస్తవంతో ఏ సంబంధమూ లేని ప్రైవేటు బళ్లు కూడా ఆ పేరు తగిలించుకుంటాయి. అది వేరే కథ.

ఫ్రాన్స్‌లోని లిసియూ పట్టణంలో 15 ఏళ్లకే కార్మెల్ మఠంలో చేరిన తెరేసా 1897లో క్షయతో పోయింది. అప్పటికామె వయసు 24. మఠంలో అడుగుపెట్టాక లోకం చెప్పుకునే ఘనకార్యం ఒక్కటీ చేయలేదు. బట్టలుతికింది, సణిగే ముసలి సన్యాసినిని చేయి పట్టి నడిపించింది, తనకు బొత్తిగా పడని మనిషిని చూసి కూడా నవ్వింది. ఇలాంటి చిల్లర పనులనే దేవుడికి ఇచ్చుకుంటూ పోవడం తన దారి అని రాసుకుంది. 1925లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. 1997లో పోప్ రెండో జాన్ పాల్ ఆమెను శ్రీసభ పండితుల వరసలో చేర్చారు.

ఆమె బడి సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఎనిమిదిన్నరేళ్ల వయసులో లిసియూలోని బెనెడిక్టైన్ సన్యాసినుల బడిలో వేస్తే, తనకంటే పెద్ద పిల్లలున్న తరగతిలో కూర్చుని అందరికంటే ముందుండేది. దాన్ని చూసి ఓర్వలేని ఓ పెద్ద పిల్ల రకరకాలుగా ఏడిపించింది. ఆ అయిదేళ్లే తన జీవితంలోకెల్లా దిగులు రోజులని తెరేసా తన ఆత్మకథలో రాసింది. ఫస్ట్ ర్యాంకు రుచీ చేదూ రెండూ ఎరిగిన పిల్ల, చివరికి చిన్నదనాన్ని ఎంచుకుంది. అలాంటి పిల్ల విగ్రహం ముందు ర్యాంకుల ఫ్లెక్సీ కట్టడమేమిటి?

కపటమని కొట్టిపారేయొచ్చు, అడ్మిషన్ల వ్యాపారమనీ అనొచ్చు. రెంటిలోనూ కొంత నిజముంది. కానీ ఈ చిక్కు ఫ్లెక్సీలకంటే చాలా పాతది. కతోలిక సంప్రదాయం ఏడు మూల పాపాల్లో గర్వాన్ని అన్నిటికీ తల్లిగా నిలబెట్టింది. అదే సంప్రదాయం నాలుగున్నర శతాబ్దాలకు పైగా ప్రపంచంలో ఎక్కడికి వెళితే అక్కడ బడి పెట్టింది. బడి అన్నాక పరీక్ష ఉంటుంది, పరీక్ష అన్నాక ముందూ వెనకా తేలుతుంది. గెలవమని పిల్లవాణ్ని తోస్తూనే, గెలిచానని పొంగిపోవద్దని చెప్పడం సాధ్యమా?

సువార్తను అడిగితే తేలదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యజమాని సేవకులకు తలాంతులిచ్చి ఊరెళతాడు. అయిదు తలాంతులు తీసుకున్నవాడు ఇంకో అయిదు సంపాదిస్తాడు. ఒక్కటే ఉన్నవాడు భయపడి దాన్ని మట్టిలో పాతిపెట్టి, యజమాని తిరిగొచ్చాక నానా చీవాట్లూ తింటాడు. స్కూల్ డే నాడు చీఫ్ గెస్టులు ఎత్తుకునే కథ ఇదే. కానీ అయిదధ్యాయాలు వెనక్కి వెళితే ద్రాక్షతోట కూలీలున్నారు. తెల్లవారే పనిలోకి దిగినవాడికీ, పొద్దు గూకే ముందు ఒక్క గంట ఒళ్లు వంచినవాడికీ యజమాని సమానంగా ఒక్కో దేనారం చేతిలో పెడతాడు. పొద్దుటినుంచీ ఎండలో మాడినవాళ్లు గొణిగితే, నా సొమ్ము నా ఇష్టమంటాడు. ఏ హెడ్‌మాస్టరైనా ఈ లెక్కన మార్కులేస్తే తల్లిదండ్రులు డీఈవో ఆఫీసు ముందు ధర్నాకు కూర్చుంటారు. స్కూల్ డే ప్రసంగాల్లో ఈ కూలీల ఊసు వినపడకపోవడంలో వింతేమీ లేదు.

సువార్త తేల్చని సంగతిని బళ్లు నడిపేవాళ్లు తమ దారిన తేల్చుకున్నారు. జెస్యూట్లు అనే కతోలిక సన్యాస సభవాళ్లు సిసిలీలోని మెస్సీనాలో 1548లో కళాశాల తెరిచారు. 1599 నాటికి తమ బళ్లన్నిటికీ ఒకే చదువుల పద్ధతి రాసుకున్నారు. బహుమతుల పరీక్ష ఎలా పెట్టాలో కూడా అందులో నియమాలున్నాయి. ప్రతి పిల్లవాడికీ తరగతిలో ఓ పోటీదారు ఉండేవాడు. వీడు పాఠం అప్పజెపుతుంటే తప్పు పట్టుకోవడం వాడి పని. చాలా తరగతుల్లో పిల్లల్ని రోమ్, కార్తేజ్ అని రెండు సేనలుగా చీల్చి లాటిన్ వ్యాకరణంలో యుద్ధం చేయించేవారు. మన బళ్లలో రెడ్ హౌస్, బ్లూ హౌస్ పద్ధతి ఇంగ్లండు బోర్డింగ్ స్కూళ్ల నుంచి వచ్చిందే అయినా, దాని ఉడుకు రక్తం మాత్రం ఆ లాటిన్ యుద్ధాలదే. పోటీ మనిషి స్వభావంలో ఉంది, దాన్ని అణచడం కంటే దేవుడి వైపు మళ్లించడం మేలని వాళ్ల నమ్మకం. డేకార్ట్, వోల్టేర్ ఈ బళ్లలోనే చదివారు. వోల్టేర్ పెద్దయ్యాక శ్రీసభను ఏ స్థాయిలో ఏకిపారేశాడో చూస్తే, మళ్లింపు అన్నిసార్లూ అనుకున్న వైపే జరగలేదని అర్థమవుతుంది.

ఈ పోటీ పద్ధతిని ఒప్పుకోని కతోలికులు డేకార్ట్, వోల్టేర్‌ల ఫ్రాన్స్‌లోనే ఉన్నారు. పారిస్ దగ్గరి పోర్ట్ రాయల్ మఠం వాళ్లు తమ చిన్న బళ్లలో ఈ పొగడ్తల్నీ పోటీనీ దగ్గరకు రానివ్వలేదు. మనిషి పాడైపోయిన జీవి, దేవుడి కృప తప్ప మరొకటి నిలబెట్టలేదు, అలాంటివాడి చేతికి బహుమతి ఇవ్వడం నిప్పు మీద నెయ్యి పోయడమేనని వాళ్ల ఆలోచన. నాటకకర్త రసీన్ అక్కడ చదువుకున్నవాడే. తమాషా ఏమిటంటే, పోర్ట్ రాయల్‌ను వెనకేసుకొచ్చి జెస్యూట్లను దుమ్మెత్తిపోసిన పాస్కల్ తన నోట్సులో ఓ ముక్క రాసిపెట్టుకున్నాడు. అసూయా కీర్తీ అనే ముల్లు గుచ్చకపోవడం వల్ల పోర్ట్ రాయల్ పిల్లలు నిరాసక్తంగా తయారవుతున్నారట! సొంత పక్షం బలహీనతను ఇంత నిజాయితీగా ఒప్పుకున్న తత్వవేత్తలు అరుదు. ముల్లు గుచ్చితే గర్వం, గుచ్చకపోతే బద్ధకం.

ఈ ముడిని కాస్త విప్పినవాడు వీళ్లకంటే కొన్ని వందల ఏళ్ల ముందువాడు, వేదాంతి థామస్ అక్వినాస్. ఒళ్లు భారీ, మాట తక్కువ. తోటి విద్యార్థులు మూగ ఎద్దు అని పేరు పెట్టారు. వినయం, ఔన్నత్యం ఒకదానికొకటి శత్రువులు కావని ఆయన వాదన. తనకు దేవుడిచ్చిన శక్తిని చూసుకుని పెద్ద పనికి పూనుకోవడం ఔన్నత్యం. తన సొంత లోటును చూసుకుని ఒదిగి ఉండటం వినయం. రెండూ ఒకే మనిషిలో ఒకే సమయంలో ఉండొచ్చు, ఉండాలి కూడా. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల ‘ఏదో అలా వచ్చేసిందండీ’ అనడం అక్వినాస్ దృష్టిలో వినయం కాదు. తెచ్చుకున్నానని చెప్పాలి, కానీ తెచ్చుకునే బుర్ర ఎక్కడిదో మరవకూడదు. పుస్తకంలో ఇది చక్కగా కుదురుతుంది. పధ్నాలుగేళ్ల పిల్ల మనసులో ఎలా కుదురుతుందన్నది టీచర్లకు వదిలేసిన పని.

దానికోసమే టైమ్‌టేబుల్లో ఓ పీరియడ్ ఉంది. కతోలిక పిల్లలు క్యాటకిజం క్లాసుకు వెళతారు, మిగతావాళ్లకు మోరల్ సైన్స్. ఆ మిగతావాళ్లే ఎక్కువ. తెలుగు నేల మీది కతోలిక బళ్లలో బెంచీల నిండా ఉండేది హిందూ, ముస్లిం పిల్లలు. గుర్తింపు పొందిన బడిలో మత బోధనకు హాజరు కమ్మని సమ్మతి లేకుండా బలవంతపెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మైనారిటీలు తమ బళ్లు తాము నడుపుకునే హక్కు 30వ అధికరణం ఇచ్చింది. ఈ రెంటి మధ్యా బళ్లు నడుస్తున్నాయి. ఆ మిగతావాళ్లలో పేరు మోసినవాళ్లూ ఉన్నారు. వరసగా తన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన అజారుద్దీన్ హైదరాబాద్ ఆల్ సెయింట్స్ స్కూలు కుర్రవాడు. ఆ ముస్లిం కుర్రవాడి బ్యాటు పుణ్యాన సకల పునీతుల పేరు క్రికెట్ పేజీల్లోకెక్కింది.

మోరల్ సైన్స్ పీరియడ్‌కు మాత్రం ఆయుష్షు తక్కువ. పదో తరగతికి దసరా సెలవులు అయిపోగానే దాన్ని లెక్కల మాస్టారు అడుగుతారు, సంక్రాంతి తర్వాత అడగడం కూడా మానేస్తారు. వినయం గురించి చెప్పే గంటను ర్యాంకు కోసం తినేయడాన్ని విశ్వాసం మీద దాడిగా ఎవరూ చూడరు. మార్చిలో బడి ఆవరణలోని లూర్దు మాత గుహ ముందు హాల్ టికెట్లు పెట్టి దండం పెట్టుకునే పిల్లల్లో బొట్టు పెట్టుకున్నవాళ్లూ, తలకు స్కార్ఫు చుట్టుకున్నవాళ్లూ ఉంటారు. పరీక్షల పునీతుడంటూ ఒకాయన నిజంగానే ఉన్నాడు. 17వ శతాబ్దపు ఇటలీవాడు, కుపెర్టీనో జోసెఫ్. చదువు ఒంటబట్టేది కాదు. గురుపట్టాభిషేకానికి ముందు బిషప్ పరీక్ష పెడితే, ముందు లేచినవాళ్లు బ్రహ్మాండంగా చెప్పడంతో మిగతావాళ్లను అడగకుండానే పాస్ చేసేశారనీ, ఆ మిగతావాళ్లలో జోసెఫ్ ఒకడనీ కథ. ద్రాక్షతోట కూలీల లెక్క పరీక్ష హాల్లో పని చేసిన సందర్భం బహుశా ఇదొక్కటే.

కృప అంటే గుహ ముందు దండం మాత్రమే కాదు. ఆంథోనీ పూల 1961లో ఉమ్మడి కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టారు. ఏడో తరగతి తర్వాత పేదరికం ఆయన చదువును ఆపేసింది. మిషనరీలు కడపకు తీసుకెళ్లి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. 2008లో కర్నూలు బిషప్, తర్వాత హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ అయ్యారు. 2022 ఆగస్టు 27న వాటికన్‌లో కార్డినల్ అయ్యారు. దళితుల్లోనూ, తెలుగువాళ్లలోనూ ఆయనే మొదటి కార్డినల్. ఇది ఆయన విజయమా, బడికి చేర్చినవాళ్లదా, పై వాడిదా అని అక్వినాస్‌ను అడిగితే మూడూ అంటాడు. ఏడో తరగతిలో ఆగిపోయిన పిల్లవాడి మార్కుల జాబితా చూసి మాత్రం ఎవరూ ఈ సీటు ఇచ్చి ఉండరు.

మార్కులు చూడకుండా పేద పిల్లవాడికి సీటు ఎలా ఇవ్వాలన్న ప్రశ్నకు అమెరికాలో వేరే జవాబు వెతికారు. 1996లో జెస్యూట్లు చికాగోలో మెక్సికో నుంచి వలస వచ్చిన కుటుంబాల పేటలో క్రీస్తో రే హైస్కూల్ తెరిచారు. ఫీజు కట్టలేని పిల్లలు వారానికో రోజు ఆఫీసుల్లో పనిచేస్తారు, ఆ జీతం ఫీజులో చాలా భాగం తీరుస్తుంది. ఆ పద్ధతిలో నడిచే బళ్లు ఇప్పుడు అక్కడ పదుల్లో ఉన్నాయి. పదిహేనేళ్ల పిల్లవాణ్ని ఆఫీసుకు పంపడం సబబా అన్న అనుమానం వస్తుంది. కానీ అక్కడ బళ్లో చేరే అర్హత ర్యాంకు కాదు, లేమి. దీన్ని కొట్టిపారేయడం కష్టం.

2025 సెప్టెంబరు 7న పోప్ పద్నాలుగో లియో ఇద్దరు కుర్రాళ్లను ఒకే పూజలో పునీతులుగా ప్రకటించారు. ఒకడు కార్లో అకూటిస్, మిలాన్‌లోని జెస్యూట్ హైస్కూలు విద్యార్థి, కంప్యూటర్లంటే పిచ్చి, 2006లో 15 ఏళ్లకు ల్యుకేమియాతో పోయాడు. అతని కథ పేపర్లన్నీ రాశాయి. రెండోవాడు పియెర్ జార్జియో ఫ్రస్సాతి. తండ్రి లా స్టాంపా పత్రిక అధిపతి, సెనేటర్. కొడుకు లాటిన్‌లో ఫెయిలయ్యాడు. అందుకే టూరిన్‌లోని జెస్యూట్ల బడిలో వేశారు. తర్వాత గని కార్మికుల మధ్య పని చేయాలని మైనింగ్ ఇంజినీరింగ్‌లో చేరాడు. డిగ్రీకి ఇంకాస్త దూరంలో ఉండగా, 1925 జులైలో పోలియో కబళించింది. అమ్మమ్మ మరణంతో హడావిడిగా ఉన్న ఇంట్లో పిల్లవాడి జబ్బు ఎవరికీ పట్టలేదు. చచ్చుబడిపోతున్న చేత్తో, ఒక పేద రోగికి ఇంజక్షన్లు అందించమని మిత్రుడికి గిలికిన చీటీ ఒకటి మిగిలింది. శవయాత్రకు టూరిన్ పేదలు తండోపతండాలుగా వచ్చారు. కొడుకు ఇన్నాళ్లూ ఎక్కడెక్కడ తిరిగాడో తల్లిదండ్రులకు అప్పుడే తెలిసింది. అతని పేర ఏ ర్యాంకూ లేదు.

లాటిన్ తప్పిన ఆ కుర్రవాడు ఇవాళ మన ఊళ్లో తొమ్మిదో తరగతి చదువుతూ ఉంటే ఏమయ్యేవాడు? చాలా బళ్లలో, కతోలిక బళ్లతో సహా, దీనికో మామూలు పద్ధతి ఉంది. ఏప్రిల్లో తండ్రిని పిలిపిస్తారు. మాట మెత్తగానే ఉంటుంది. ‘మీవాడు ఇక్కడి స్టాండర్డ్ అందుకోలేడండీ, వేరే స్కూల్లో అయితే ఫ్రీగా ఉంటాడు’ అంటారు. టీసీ ముందే రాసి ఉంటుంది. అందరూ ఇలా చేస్తారని కాదు. సాయంత్రం వెనకబడ్డవాళ్లను వరండాలో కూర్చోబెట్టుకుని, తనకు జీతం రాని గంట వాళ్లకు ఖర్చు పెట్టే సిస్టర్లూ ఉన్నారు. కానీ నూటికి నూరు శాతం అన్న మాటలో, వెళ్లిపోయినవాళ్లు లెక్కకు రారు. గర్వం పాపమా, బహుమతి ఇవ్వొచ్చా అన్న వాదనలకంటే ఈ టీసీ కాగితమే అసలు వేదాంత ప్రశ్న. తలాంతుల కథ చెప్పే బడి, పొద్దు గూకే వేళ వచ్చిన కూలీని గేటు బయట నిలబెట్టిందా లేదా అన్నది అక్కడ తేలుతుంది. అడ్మిషన్ కోసం వెళ్లిన తల్లిదండ్రులు ‘ఎంతమందికి 590 దాటాయి’ అని ఆఫీసులో అడుగుతూనే ఉంటారు. కిందటేడు తొమ్మిదిలో ఎంతమంది, ఈ ఏడు పదిలో ఎంతమంది అని అడిగినా ఆ గుమాస్తాకు పెద్ద పనేం కాదు. రెండు హాజరు పట్టీలూ ఆ బీరువాలోనే ఉంటాయి.