చంటిబిడ్డను ఎవరు ఎత్తుకోవాలి?

మార్చి 8 వస్తే మన బడుల్లో వక్తృత్వ పోటీలకు తరచుగా ఇచ్చే అంశం ఒకటుంది. ఇంటిపట్టున ఉండి పిల్లల్ని చూసుకునే తల్లి గొప్పదా, ఉద్యోగానికి వెళ్లే తల్లి గొప్పదా? పిల్లలు రెండు వైపులా బాగానే మాట్లాడతారు. తల్లి ఒడికి మించిన బడి లేదని కొందరంటారు. తన కాళ్ల మీద తాను నిలబడిన తల్లే పిల్లలకు ధైర్యం నేర్పుతుందని మరికొందరంటారు. చప్పట్లు కొడతాం, బహుమతులిస్తాం. అయితే ఆదివాసీలుగా మనం ఈ ప్రశ్నను ఉన్నదున్నట్టు తీసుకోవచ్చా? ఇందులో మన తల్లులు ఏ వైపున ఉన్నారు?

కొండ మీది తల్లి తెల్లవారకముందే లేస్తుంది. ఊట నీళ్లు తెస్తుంది, చోడి అంబలి కాస్తుంది, బిడ్డను గుడ్డతో వీపున కట్టుకుని పోడుకు వెళ్తుంది. చెట్టుకొమ్మకు ఉయ్యాల వేసి కలుపు తీస్తుంది. సంతరోజున చింతపండో, కొండచీపుళ్లో, అడ్డాకులో నెత్తిన పెట్టుకుని మైళ్లు నడుస్తుంది. ఈమె ఇంటి తల్లా, పని తల్లా? ఆమెను అడిగితే మన ప్రశ్నే ఆమెకు అర్థం కాదు. ఇల్లు ఒకచోట, పని ఒకచోట అన్న విభజన నెల జీతంతో పాటు వచ్చింది. పోడులో అది లేదు. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాను భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలన్నది. భూమిని దున్నింది మగవాడొక్కడే కాదని చట్టం ఒప్పుకున్నట్టే కదా.

మన పెద్దలకూ ఈ సంగతి తెలుసు. మన తెగల్లో చాలావాటిలో పెళ్లికొడుకు వాళ్లు పిల్ల తల్లిదండ్రులకు ఓలి ఇచ్చేవారు. పనిచేసే రెండు చేతులు ఆ ఇంటి నుంచి వెళ్లిపోతున్నాయని దాని అర్థం. ఓలిలో తప్పు లేదని మేము అనడం లేదు. ఓలి తిరిగి కట్టాలన్న భయంతో బాధలు పడుతూ కాపురంలో ఉండిపోయిన ఆడవాళ్లు ఉన్నారు. మనిషికి వెల కట్టడం ఎప్పటికీ సరికాదు. కానీ ఆడదాని పనికి విలువ ఉందన్న ఎరుక అందులో ఉంది. ఇప్పుడు ఉద్యోగం వచ్చిన మన కుర్రవాళ్లలో కొందరు ఓలి మాని కట్నం అడుగుతున్నారు. నిన్నటి దాకా ఇంటికి బలం అనుకున్న పిల్ల ఒక తరంలోనే బరువైపోయింది. దీన్ని నాగరికత అనుకుంటే మనం మోసపోయినట్టే.

మైదానం లెక్కలు మరోలా ఉంటాయి. 2011 జనగణనలో దాదాపు 16 కోట్ల మంది ఆడవాళ్లు ఇంటిపనే తమ ప్రధాన పని అని చెప్పారు. మగవాళ్లు సుమారు 58 లక్షలు. జనగణన వాళ్లను పనిచేయనివారి లెక్కలో వేసింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఈ అంకెలనే ఎత్తిచూపి, గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టడం న్యాయమని రాశారు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అంటే ఇంట్లో ఉన్న తల్లి ఖాళీగా లేదు. బయటికెళ్లిన తల్లికి తిరిగొచ్చాక ఇంటిపని తప్పడం లేదు.

మా ఎలమంచిలి వైపు చూడండి. తెల్లవారుజామున కంపెనీ బస్సులు ఆడవాళ్లను ఎక్కించుకుని అచ్యుతాపురం వెళ్తుంటాయి. అక్కడి బ్రాండిక్స్ దుస్తుల పార్కులో కుట్టుపని చేసేవాళ్లు వేలమంది, ఎక్కువమంది ఆడవాళ్లే. చేతిలో సొంత జీతం పడితే ఇంట్లో మాటకు బరువు వస్తుంది, అది చిన్న విషయం కాదు. దాని వెనక ప్రమాదమూ ఉంది. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అక్కడి ఒక యూనిట్‌లో విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో కార్మికురాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. ఇక రావికమతం, రోలుగుంట, గొలుగొండ వైపు కొండల అంచున షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయిన మన పల్లెల్లో తల్లులు జీడితోటలకు, ఇటుక బట్టీలకు కూలికి వెళ్తారు.

వాళ్లు వెళ్లాక చంటిబిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? ముసలమ్మ ఉంటే ముసలమ్మ దగ్గర. లేకపోతే అక్క దగ్గర. ఆ అక్కకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. ఆమె పేరు మన హాజరుపట్టీలో ఉంటుంది, ఆమె మాత్రం బెంచీ మీద ఉండదు. తమ్ముడికి నడక వచ్చేసరికి తరగతి పాఠం ఆమెకు అందనంత దూరం పోతుంది. తల్లుల మీద జరిగే వాదనలో ఈ పిల్ల పేరు ఎవరూ ఎత్తరు. మాకు తెలిసినంతలో ఈ ప్రశ్నకు అసలు మూల్యం కడుతున్నది ఆమే.

చట్టాలు చేయలేదా అంటే చేశారు. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2017 సవరణ ప్రసూతి సెలవును 26 వారాలు చేసింది. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆమెను పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. కానీ బట్టీలో ఇటుకలు మోసే తల్లికి ఏ సెలవు వస్తుంది? టీచరమ్మకు ఇంటిపట్టున ఉండటం జీతంతో సెలవు, కూలి తల్లికి అది పస్తు. ఇద్దరినీ ఒకే త్రాసులో పెట్టి ఎవరు మంచి తల్లి అని తూయడం అన్యాయం.

బిడ్డకు తొలి నెలల్లో తల్లి దగ్గర ఉండాలన్న మాట నిజమే. ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వాలని వైద్యులూ చెబుతారు. ఇష్టపడి ఇంట్లో ఉండే తల్లిని చిన్నచూపు చూడకూడదు. అయితే బిడ్డ పెరిగి ఊరికి, దేశానికి పనికొస్తాడు. లాభం అందరిదీ, భారం ఒక్కతిదీ అయితే దాన్ని త్యాగమని పొగిడినంత మాత్రాన న్యాయం అయిపోదు. ఒకప్పుడు ఊరంతా పెంచేది కదా అంటారు. నిజమే. కానీ వలసలతో ఆ ఊరే పలచబడింది. తల్లిని నిలదీసే ముందు తండ్రిని, యజమానిని, ప్రభుత్వాన్ని, ఊరిని అడగాలి.

మన యువకులకు ఒక మాట. "నా భార్యకు పనికెళ్లే ఖర్మ లేదు" అనడం ఒక గొప్ప, "జీతం తెచ్చే పిల్లే కావాలి" అనడం ఇంకో గొప్ప. రెండింటిలోనూ ఆమెను అడిగింది లేదు. పెళ్లికి ముందే ఇద్దరూ కూర్చుని, బిడ్డ పుడితే ఏ పూట ఎవరు చూసుకుంటారో మాట్లాడుకోండి. బిడ్డను ఎత్తుకుంటే మగతనం పోదు. వీపున బిడ్డతో పనిచేసిన జాతి మనది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. తమ్ముణ్ణి చంకనెత్తుకుని బడికొచ్చిన పిల్లను వెనక్కి పంపకండి. వాడికి వెనక ఒక చాప వేయండి, ఆమెకు పలక ఇవ్వండి. సాయంత్రం ఆ ఇంటికి వెళ్లినప్పుడు తల్లితోనే కాదు, తండ్రితోనూ మాట్లాడండి. పంచాయతీలో, పనిచోట పిల్లల గది అడిగేవాళ్లకు అర్జీ రాసిపెట్టండి. చదువుకున్నందుకు మనం తీర్చాల్సిన బాకీ ఇది. ఈ పనులు జరిగిన ఊళ్లో తల్లి ఇంట్లో ఉందా, బయటికెళ్లిందా అన్నది ఆమె ఇష్టం అవుతుంది. అప్పటిదాకా అది ఆమె తప్పు కాదు.