షేరు కొంటే చావు ఆగుతుందా?

భాగవతంలో నిమి మహారాజు కథ వినే ఉంటారు. వసిష్ఠుడి శాపం వల్ల ఆయన ప్రాణం పోయింది. యాగం పూర్తయ్యేదాకా ఋషులు ఆయన శరీరాన్ని సుగంధ ద్రవ్యాల్లో భద్రపరిచారు. తర్వాత దేవతలు మళ్ళీ బతికిస్తామంటే, ఈ శరీరబంధం నాకిక వద్దన్నాడాయన.

అమెరికాలో కొందరు సరిగ్గా ఆ వరమే కోరుకుంటున్నారు. దాని పేరు క్రయోనిక్స్. మనిషి చనిపోయాడని నిర్ధారించగానే శరీరాన్ని చల్లబరిచి, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచుతారు. ఎప్పటికైనా సైన్స్ లేపుతుందని ఆశ. 1967లో అలా ఉంచిన జేమ్స్ బెడ్‌ఫర్డ్ శరీరం ఇప్పుడు అరిజోనాలో, ఆల్కార్ అనే సంస్థలో ఉంది. ఇంతవరకు ఒక్కరూ తిరిగి లేవలేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మాటల్లో చెప్పాలంటే, రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ ఇది.

రీస్టోర్ కావాలంటే పరిశోధన కావాలి, దానికి డబ్బు కావాలి. అందుకే 1990ల్లో అక్కడ ప్రొమీథియస్ ప్రాజెక్ట్ అని ఒక ప్రయత్నం జరిగింది. విరాళాలు అడిగే బదులు కంపెనీ పెడదాం, ఆశ ఉన్నవాళ్ళు షేర్లు కొంటామని మాటివ్వండి అన్నారు. సభ్యులైనా, సంస్థలైనా అలా వాటాదారులు కావచ్చు. మరి ఇది ధర్మమేనా?

నా ఉద్దేశంలో ఇక్కడ రెండు పనులున్నాయి, కలపకూడదు. ఒకటి పరిశోధన. 2023లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు ఎలుకల కిడ్నీలను గడ్డకట్టించకుండా గాజులా మార్చి, 100 రోజుల వరకు దాచి, తిరిగి వేడి చేసి, వేరే ఎలుకలకు అమర్చారు. అవి పనిచేశాయి. రేపు ఇది మనుషుల అవయవాలకు కుదిరితే, కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళు ఎంతమందో బతుకుతారు. ఇలాంటి పనికి, పోయినా పర్లేదనుకున్న డబ్బుతో షేరు కొంటే తప్పేముంది?

రెండోది, ఇప్పటికే భద్రపరిచిన శరీరాల బాధ్యత. 1970ల్లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో డబ్బు అందక అలాంటి శరీరాలు కరిగి పాడైపోయాయి. షేరున్నవాడు నచ్చకపోతే అమ్ముకుని వెళ్ళిపోతాడు. ట్యాంకులో ఉన్నవాడు ఎక్కడికి వెళ్తాడు? ఎవరినని అడుగుతాడు? మన గుళ్ళలో శాశ్వత పూజకు డబ్బు కడితే అసలు కదలదు, వడ్డీతో ఏటా పూజ జరుగుతుంది. ఆల్కార్ కూడా శరీరాల సంరక్షణకు వేరే ట్రస్టు పెట్టింది. నోరులేనివాడికి ఇచ్చిన మాట లాభనష్టాల మీద ఆధారపడకూడదు.

ఇక మిగిలింది మన సంకల్పం. బతకాలనుకోవడం పాపం కాదు. సావిత్రి యముడినే అడిగింది కదా! కానీ ఆవిడ అడిగిన వరుస చూడండి. ముందు మామగారి చూపు, ఆయన రాజ్యం, తర్వాత తన తండ్రికి సంతానం. భర్త ప్రాణం చివర్లో వచ్చింది.

అందుకే షేరు కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఈ పరిశోధన నన్ను లేపకపోయినా, ఎవరో తెలియని మనిషికి కిడ్నీ ఇస్తే చాలు అనగలనా? అనగలిగితే అది ధర్మానికి దగ్గర. అనలేకపోతే మనం కొంటున్నది షేరు కాదు, చావు భయానికి ఒక రసీదు.

శుభం!