తాగినవాడి నడక

1981లో వచ్చిన ‘ఆర్థర్’ సినిమాలో డడ్లీ మూర్ ఎప్పుడూ తాగి తూలే కోటీశ్వరుడు. మాట ముద్దగా వస్తుంది, అడుగు ఎక్కడో పడుతుంది, తన జోకుకి తనే పగలబడి నవ్వుతాడు. ఆ పాత్రకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

1990ల మధ్యకొచ్చేసరికి అతను నిజంగానే తూలడం మొదలుపెట్టాడు. డైలాగులు గుర్తుండేవి కావు. ఒక సినిమాలోంచి తీసేశారు. మళ్ళీ తాగుతున్నాడు అనుకున్నారు జనం. అది తాగుడు కాదని, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ అనే అరుదైన మెదడు జబ్బని 1999లో లోకానికి తెలిసింది. నిలకడ, చూపు, మాట, మింగడం ఒక్కొక్కటే చేజారిపోయే జబ్బు. నయంకాదు.

ఇందులో తప్పెవరిది? చూసినవాళ్ళు అబద్ధం చూడలేదు. తూలడం నిజమే, తడబాటు నిజమే. నాలుగు పెళ్ళిళ్ళు, నాలుగు విడాకుల మనిషి కాబట్టి అనుమానానికి బలం కూడా ఉంది. నా ఉద్యోగంలో ఇలాంటిది రోజూ చూస్తాను. ఎర్రర్ మెసేజ్ ఒకేలా ఉంటే చాలు, పాత బగ్గే అని టికెట్ మూసేస్తాం. కారణం దొరికిందనుకున్నాక ఇంక వెతకం. మూర్ విషయంలో ఆ కారణాన్ని అందించింది అతని నటనే. అంత బాగా నటించకపోయుంటే ఎవరైనా ఆగి “ఏమైంది నీకు?” అని అడిగేవారేమో!

నిజానికి ఆ తూలుడు ఎంత అదుపులోంచి వచ్చిందో చూడండి. వంకర పాదంతో పుట్టి, చిన్నప్పుడు ఆపరేషన్లు చేయించుకున్న డాగెన్‌హామ్ కుర్రాడు ఆర్గన్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. 1960లో ‘బియాండ్ ది ఫ్రింజ్’ స్టేజి షోలో, ఈలపాటగా అందరికీ తెలిసిన ‘కర్నల్ బోగీ’ మార్చ్‌ని బీతోవెన్ సొనాటాలా వాయించి, ముగింపు ఎంతకీ రానివ్వకుండా సాగదీసి నవ్వించాడు. సంగీతం బాగా వస్తేనే దాన్ని అలా చెడగొట్టగలం. చివరికి ఆ వేళ్ళు పియానో మీద మాట వినడం మానేశాయి. 2002లో, 66వ ఏట పోయాడు.

ఆర్థర్‌ని చూసి నవ్వడం తప్పని నేను అనను. నేనూ నవ్వాను. కానీ ఆ సినిమా మనకి తాగుబోతుని గుర్తుపట్టడం నేర్పలేదు, నటుణ్ణి చూపించిందంతే. వీధిలో తూలే మనిషి దగ్గర ఆ నవ్వు పనికిరాదు. అక్కడ మనకేం తెలీదని ఒప్పుకుని, పక్కకి వెళ్ళి అడగడమే మిగులుతుంది. కాస్త ఇబ్బందిగా ఉన్నా సరే.